తీర్పు ముందు, విచారణ తరువాత

తీర్పు తీర్చవద్దని ప్రభువు కొండమీద చెప్పిన మాట మన సంఘాల్లో సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. దాని మీద ప్రసంగం వినని విశ్వాసి ఉండరు. ఆ ప్రసంగం సాధారణంగా ఇంటి దగ్గర మొదలై ఇంటి దగ్గరే ముగుస్తుంది. పక్కింటామె నగల గురించి, తోటి విశ్వాసి వేసిన కానుక గురించి, పాస్టరుగారి అబ్బాయి తీరు గురించి తొందరపడి మాట్లాడకూడదని చెబుతారు. అదీ అవసరమే. కానీ ఆ మాటకు ఇంతకంటే పెద్ద పని ఉంది. తొందరపాటు తీర్పు మనిషిని చంపగలదు. ఒక్క ఆదివారం పూట ఐదుగురిని చంపింది. చంపించిన పుకారు అదే వేసవిలో మన తెలుగు ఫోన్లలోనూ తిరిగింది.

2018 జూలై 1, ఆదివారం. మహారాష్ట్రలోని ధూళే జిల్లా సాక్రీ తాలూకా, రాయిన్‌పాడా గ్రామంలో వారపు సంత. ఊరికి కొత్తవాళ్ళు ఐదుగురు వచ్చారు. వాళ్ళలో ఒకరు ఒక చిన్నపిల్లతో మాట్లాడబోయారని అప్పటి వార్తలు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని అప్పటికి కొన్ని రోజులుగా వాట్సాప్‌లో సందేశాలు వస్తున్నాయి. జనం చుట్టుముట్టారు. ఐదుగురినీ గ్రామపంచాయతీ కార్యాలయంలోకి ఈడ్చుకెళ్ళి కొట్టి చంపారు. చనిపోయినవాళ్ళు నాథపంథీ డవరీ గోసావి అనే సంచార కులంవాళ్ళు. ఊరూరా తిరిగి భిక్ష అడగడం తరతరాలుగా వాళ్ళ బతుకుతెరువు. వాళ్ళలో ఎక్కువమందిది షోలాపూర్ జిల్లా మంగళవేఢా తాలూకా. పంచాయతీ కార్యాలయమంటే ఊరి తగవు విని తీర్పు చెప్పే చోటు. అక్కడే, ఏమీ వినకుండా, తీర్పూ శిక్షా రెండూ జరిగిపోయాయి.

షోలాపూర్ పేరు వింటే తెలుగింట్లో ముందు గుర్తుకొచ్చేది దుప్పటి. ఆ దుప్పటి నేసిన చేతుల్లో చాలా వరకు మనవాళ్ళవే. నిజాం పాలనలో ఉన్న తెలంగాణ నుంచి, కరీంనగర్, నల్లగొండ, పాలమూరు, వరంగల్ వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు బతుకుదెరువు వెతుక్కుంటూ అక్కడికి వెళ్ళాయి. మొదట చేమగ్గం, తరువాత మిల్లు, ఆ తరువాత పవర్‌లూమ్. సిరిసిల్లలో అన్నట్టే అక్కడా దాన్ని సాంచా అంటారు. ఊళ్ళో ఒక పేటకు తెలంగీ పాచ్ఛా పేట అన్న పేరే స్థిరపడిపోయింది. సాఖర్ పేట, భవానీ పేట, అశోక్ చౌక్ సందుల్లో సాంచాల చప్పుడు మధ్య పిల్లలు నిద్రపోవడం నేర్చుకుంటారు. ఇంటి ముందు గదిలో ఆడవాళ్ళు ఒళ్ళో చేట పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుడతారు. మూడు నాలుగు తరాలు గడిచినా ఇంట్లో మాట తెలుగే.

ఈ నేతపేటల వాళ్ళకు తీర్పు కింద బతకడం కొత్త కాదు. పగలు పదింటికి అరుగు మీద పడుకుని నిద్రపోతున్న మగమనిషిని చూసి దారిన పోయేవాడు సోమరి అనుకుంటాడు, లేదా తాగి పడ్డాడనుకుంటాడు. రాత్రంతా పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడి, దూది దుమ్ము పీల్చి, తెల్లవారి ఇల్లు చేరిన మనిషి అతను. బీడీల లెక్క అప్పజెప్పే చోట చూడండి. రోజంతా నడుము వంచి చుట్టిన కట్టలను తనిఖీ చేసేవాడు చేత్తో ఒకసారి తిప్పి చూసి, ఇన్ని పనికిరావని పక్కకు తోసేస్తాడు. ఆ తోసేసినవాటికి కూలి రాదు. ఎందుకు పనికిరావో చెప్పమని అడిగే ధైర్యం ఆమెకు ఉండదు, చెప్పే ఓపిక అతనికి ఉండదు. అడగకుండా, చెప్పకుండా జరిగే తీర్పు ఎంత ఖరీదో ఆమెకు పైసలతో సహా తెలుసు.

అదే ఊళ్ళో మరో రకం పేట ఉంది. దాని పేరు సెటిల్‌మెంట్. ఇప్పటికీ ఆ పేరే. ఎప్పుడో కట్టిన ప్రభుత్వ కాలనీకి మిగిలిన ఇంగ్లీషు పేరని కొత్తవాళ్ళు అనుకుంటారు. అది బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల కోసం పెట్టిన నిర్బంధ నివాసం. కైకాడీలు, పార్ధీలు, మాంగ్ గారుడీలు, భాంప్టాలు వంటి సంచార కులాలవాళ్ళను కుటుంబాలతో సహా తెచ్చి కంచె లోపల ఉంచారు. రోజూ హాజరు వేయించుకోవాలి. బయటికి వెళ్ళాలంటే అనుమతి చీటీ కావాలి. పగలు మిల్లుల్లో పని చేయించారు. నేతపేటల తెలుగువాళ్ళు, సెటిల్‌మెంట్ వాళ్ళు ఒకే మిల్లు ఊళ్ళో కూలీలే. సైరన్ కూశాక ఒకరు ఇంటికి వెళ్ళేవారు, ఇంకొకరు హాజరుకు వెళ్ళేవారు.

ఆ సెటిల్‌మెంట్‌ను కొంతకాలం నడిపింది ఎవరో మన పాఠకులు తెలుసుకోవాలి. అమెరికన్ మరాఠీ మిషన్. సువార్త ప్రకటించడానికి వచ్చిన మిషన్.

దీని వెనుక ఉన్న చట్టం 1871 నాటిది, నేరస్థ తెగల చట్టం. 1911లో దాన్ని మార్చి దేశమంతటికీ, అంటే బొంబాయి, మద్రాసు రాష్ట్రాలకు కూడా వర్తించేలా చేశారు. దాని పనితీరు చూస్తే తొందరపాటు తీర్పు అంటే ఏమిటో ఇంకెక్కడా అంత స్పష్టంగా కనిపించదు. ఫలానా తెగ నేరస్థుల తెగ అని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తే చాలు. ఆ ప్రకటన సరైనదా కాదా అని ప్రశ్నించే అధికారం ఏ కోర్టుకూ లేదు. ఆ తెగలో పుట్టిన మనిషి ఏమీ చేయకపోయినా పేరు రిజిస్టరులోకి ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు. ఆరేళ్ళు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే ఉంచే అధికారం కూడా 1911 చట్టం ఇచ్చింది. ఆరేళ్ళ పిల్లవాడు ఏం దొంగతనం చేశాడని ఎవరూ అడగనక్కరలేదు. తీర్పు అతను పుట్టకముందే రాసి ఉంది.

ఆ చట్టాన్ని సమర్థించినవారు చెప్పిన వాదన మన నేతపేటలవాళ్ళు ఒకసారి వినాలి. ఈ దేశంలో వృత్తులు కులాన్ని బట్టి వస్తాయి, వడ్రంగి కుటుంబం వందేళ్ళ తరువాత కూడా వడ్రంగి కుటుంబంగానే ఉంటుంది, అలాగే నేరం కూడా కొన్ని కులాల వృత్తి, అని వారు వాదించారు. నేత మా రక్తంలో ఉంది, మా తాత నేతగాడు, మా మనవడూ నేతగాడే అని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. గర్వపడితే తప్పు లేదు. కానీ అదే తర్కాన్ని పక్క పేటకు వర్తింపజేస్తే, వాడి తాత దొంగ, వాడూ దొంగే అవుతుంది. కులం మనిషి పనిని నిర్ణయిస్తుందని ఒప్పుకున్నవాడు కులం మనిషి నేరాన్ని నిర్ణయిస్తుందన్న మాటను కాదనలేడు. ఇక వడ్రంగి ఉదాహరణ సంగతి. నజరేతు సమాజమందిరంలో ప్రభువును తోసిపుచ్చినవాళ్ళు అడిగిన ప్రశ్న కూడా ఇదే కదా, ఇతను ఆ వడ్లవాని కొడుకు కాడా అని. తండ్రి పని తెలుసు, తల్లి పేరు తెలుసు, తమ్ముళ్ళ పేర్లు తెలుసు. కాబట్టి ఇతని గురించి తెలుసుకోవాల్సింది ఇంకేమీ లేదనుకున్నారు. అక్కడ ఎక్కువ అద్భుతాలు జరగలేదని మత్తయి రాశాడు.

ఈ కథలో తెలుగు నేల బయట లేదు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం మద్రాసు ప్రభుత్వ అధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరు మీద ఏర్పడిన ఎరుకలవారి సెటిల్‌మెంట్. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. నెల్లూరు జిల్లా కావలిలోని ఎరుకలవారి సెటిల్‌మెంట్‌ను అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. షోలాపూర్ కైకాడీలకు, మన ఎరుకలవారికి భాషలోనే చుట్టరికం కనిపిస్తుంది. ఒకే వంశవృక్షపు కొమ్మలను మూడు చోట్ల మూడు మిషన్లు కాపలా కాశాయి.

ఇక్కడ మిషనరీల మీద కూడా తొందరపడి తీర్పు చెప్పడం తేలిక. వాళ్ళంతా ప్రభుత్వానికి జైలర్లని ఒక్క మాటలో అనేయవచ్చు. అలా అనేవాళ్ళున్నారు. బడి పెట్టినవాళ్ళు, వైద్యం చేసినవాళ్ళు, పోలీసుల దెబ్బలకు అడ్డం వెళ్ళినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. మనిషి మారగలడని నమ్మి ఆ పని ఒప్పుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ నమ్మకం సువార్త నుంచి వచ్చినదే, దాన్ని కాదనం. అయితే, మార్చాల్సిన పాపం ఫలానా కులంలో ఉందన్న సర్కారు మాటను వాళ్ళు విచారించకుండా ఒప్పుకున్నారు. ఆదాము సంతానమంతటికీ చెందిన పాపాన్ని ఒక గెజిట్ జాబితాకు కుదించారు. ప్రార్థనతో పాటు హాజరు పట్టీ కూడా వాళ్ళ చేతిలోనే ఉండేది. లోపలున్న మనిషికి ఆ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? మన సంఘాల చరిత్ర పుస్తకాల్లో ఈ సెటిల్‌మెంట్లు దయాకార్యాల పేజీలో ఉంటాయి. ఆ దయ ఎవరి షరతుల మీద నడిచిందో కూడా ఆ పేజీలోనే రాయాలి.

మరో సంగతి. స్వాతంత్ర్యం వచ్చాక స్టూవర్టుపురం వెళ్ళి, అక్కడివాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళ మాట విని, ఏళ్ళ తరబడి పని చేసినవారిలో అందరూ గుర్తు చేసుకునే పేర్లు లవణం, హేమలతా లవణం. ఇద్దరూ నాస్తికులు. హేమలత మహాకవి గుర్రం జాషువా కూతురు. యెరికో దారిలో ఆగినవాడు ఎవరో ప్రభువు చెప్పిన కథ మనకు గుర్తుంది కాబట్టి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. ఆ రోజును విముక్త దినంగా ఆ జాతులవాళ్ళు జరుపుకుంటారు. దేశానికి 1947లో వచ్చిన స్వేచ్ఛ తమకు ఐదేళ్ళు ఆలస్యంగా వచ్చిందని అంటారు. చట్టం పోయింది గానీ మాట పోలేదు. స్టూవర్టుపురం అన్న ఊరి పేరును తెలుగు సినిమా దొంగ అన్న మాటకు బదులుగా వాడుకుంటూనే ఉంది. ఆ ఊళ్ళో పుట్టి ఉద్యోగానికి వెళ్ళే పిల్ల ఊరి పేరు చెప్పడానికి వెనకాడే పరిస్థితి ఉంటే, దానికి మన టికెట్ డబ్బులు కూడా కారణం.

2018 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లో ఫోన్లలో తిరిగిన పుకారు చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిల్లలను ఎత్తుకుపోతున్నారు, రాత్రుళ్ళు ఇళ్ళలో దూరి చంపుతున్నారు, ‘పార్థీ ముఠా’ దిగింది, జాగ్రత్త అని. ఆ పేరు ఎక్కడిది? మన తెలుగు ఊళ్ళలో ఆ పేరు గల మనిషిని చూసినవాళ్ళు ఎంతమంది? పార్ధీ అంటే వేటగాళ్ళ జాతి, షోలాపూర్ సెటిల్‌మెంట్ లాంటి చోట్ల కంచె లోపల ఉంచిన జాతి. బ్రిటిష్ గెజిట్‌లో పడిన ముద్ర నూటనలభై ఏళ్ళ తరువాత పాలమూరు పల్లెలో ఫోన్ తెర మీద తేలింది. మే 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో జనం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను పిల్లలను ఎత్తుకుపోయే మనిషని కొట్టి చంపారు. ఆమె రంజాను రోజుల్లో దానం అడుక్కోవడానికి వచ్చిన మనిషి. ఐదు వారాలు దాటగానే రాయిన్‌పాడాలో ఐదుగురు. చంపినవాళ్ళు తాము తీర్పు చెబుతున్నామని అనుకోలేదు. తమ పిల్లలను కాపాడుకుంటున్నామనుకున్నారు. ఎవరో ఎప్పుడో తయారు చేసి పెట్టిన తీర్పును వాళ్ళు అమలు చేశారు.

మేము చెప్పదలచుకున్నది ఇదే. తొందరపాటు తీర్పును మనం కోపంతో, చిరాకుతో నోరు జారిన మాటగా చూస్తాం. నోరు అదుపులో పెట్టుకుంటే పోతుందనుకుంటాం. చాలాసార్లు ఆ తీర్పు అప్పటికప్పుడు పుట్టినది కాదు. పాతది, ఎవరో అప్పగించినది, ఒక పేరులో, ఒక చిరునామాలో, ఒక యాసలో దాగి ఉన్నది. ఎదుటి మనిషి కనబడగానే మన చేతికి అందుతుంది. అందుకే అంత త్వరగా చెప్పేయగలుగుతాం. దీనికి సాత్వికం ఒక్కటే చాలదు, విచారణ కావాలి.

లేఖనాల్లో ఈ విచారణకు ఇచ్చిన స్థానం చూడండి. ఆదికాండము 18లో సొదొమ గురించిన మొర దేవుని దగ్గరికి చేరింది. సర్వం తెలిసిన దేవుడు. అయినా, విన్న మాట నిజమో కాదో దిగి వెళ్ళి చూస్తానంటాడు. ప్రధానయాజకులు, పరిసయ్యులు ప్రభువును పట్టుకోవాలని తొందరపడుతున్నప్పుడు నీకొదేము అడిగింది ఒక్కటే ప్రశ్న: మనిషి మాట వినకుండా, అతను చేసింది తెలుసుకోకుండా తీర్పు చెప్పడం మన ధర్మశాస్త్రంలో ఉందా అని. దానికి వాళ్ళిచ్చిన జవాబు కూడా గమనించాలి. నువ్వూ గలిలయవాడివేనా అని ఎగతాళి చేశారు. విచారణ అడిగినవాడి మీద కూడా ఊరి పేరుతో ముద్ర వేశారు.

మాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది యెహోషువ గ్రంథం 22వ అధ్యాయం. ప్రసంగాల్లో తక్కువగా వినిపించే కథ. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రంవారు యొర్దానుకు తూర్పున తమ భాగాలకు తిరిగి వెళ్తూ నది దగ్గర పెద్ద బలిపీఠం కట్టారు. ఆ కబురు అవతలి గోత్రాలకు చేరింది. వేరే బలిపీఠమంటే వేరే ఆరాధన, అంటే విశ్వాసద్రోహం. అందరూ షిలోహులో యుద్ధానికి కూడారు. వాళ్ళ భయానికి కారణం లేకపోలేదు. పెయోరు దగ్గర జరిగినది, ఆకాను చేసినది వాళ్ళకు ఇంకా జ్ఞాపకం. పాత గాయం ఉన్నవాడు కొత్త కబురును త్వరగా నమ్ముతాడు. అయితే కత్తి దూసే ముందు వాళ్ళు ఒక పని చేశారు. యాజకుడైన ఫీనెహాసును, పదిమంది పెద్దలను పంపి అడిగించారు. అడగడం కూడా మెత్తగా అడగలేదు, నేరుగా ఆరోపణే చేశారు. కానీ జవాబు పూర్తయ్యేదాకా విన్నారు.

ఆ జవాబు ఏమిటి? ఇది బలులకు కాదు. మేము నదికి ఇవతల ఉన్నాం. రేపు మీ పిల్లలు మా పిల్లలతో, నది మన మధ్య హద్దు, మీకు యెహోవాలో భాగం లేదు అంటారేమోనన్న భయంతో సాక్షిగా దీన్ని కట్టాం, అన్నారు. వేరుపడటానికి కట్టారనుకున్నది, వేరు చేస్తారన్న భయంతో కట్టినది. షోలాపూర్‌లో గుడి, బడి, సంఘం తెలుగు పేరుతో పెట్టుకున్న వలసవాళ్ళకు ఈ భయం వివరించి చెప్పక్కరలేదు. మీరు ఇక్కడివాళ్ళు కాదని రేపు ఎవరైనా అంటే చూపించడానికి ఒక రాయి ఉండాలని ప్రతి వలస కుటుంబమూ అనుకుంటుంది.

ఈ ఫీనెహాసు ఎవరో కూడా చూడాలి. సంఖ్యాకాండము 25లో ఈటె తీసుకుని ఎవరినీ అడగకుండా వెళ్ళిన ఫీనెహాసు ఇతనే. ఆ రోజు అడగని మనిషి ఈ రోజు విన్నాడు. విన్న తరువాత సంతోషించి తిరిగి వెళ్ళి చెప్పాడు. యుద్ధం జరగలేదు.

ఇలాంటి రాయబారం మన కాలంలోనూ జరిగింది. 2018లో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంట్‌గా ఉన్న రెమా రాజేశ్వరి, పుకార్లు రాకముందే ఒక్కో గ్రామానికి ఒక్కో కానిస్టేబుల్‌ను అప్పగించి, ఊరివాళ్ళతో పరిచయం పెంచుకోమన్నారు. పుకార్లు మొదలైనప్పుడు ఊళ్ళు ముందుగానే మారుతున్నాయని, పిల్లలు ఆరుబయట ఆడుకోవడం లేదని వాళ్ళ ద్వారా తెలిసింది. డప్పు వేయించి, పాటలు పాడించి, ఆ సందేశాలు ఎలా అబద్ధమో ఊరూరా చెప్పించారు. గ్రామాల వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులే చేరారు. సుమారు 400 గ్రామాలు. అక్కడ పుకారుకు ఎవరూ బలి కాలేదు. గద్వాల కూడా నేత ఊరే, చీరలకు పేరున్న ఊరు. పోలీసు శాఖ చేయగలిగిన ఈ పని, ప్రతి ఆదివారం ఊరి మనుషులందరినీ ఒక చోట చూసే సంఘం చేయలేదా? ఆ నెలల్లో ఎన్ని సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఆ సందేశం ప్రార్థన విన్నపంగా తిరిగిందో పెద్దలే లెక్క చూసుకోవాలి.

ధర్మశాస్త్రం ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదే నేరం స్థిరపరచాలని చెప్పింది. వంద గ్రూపుల నుంచి ఒకే సందేశం వస్తే వందమంది సాక్షులు ఉన్నట్టు కాదు. ఒక్కరూ లేనట్టే. ఫార్వర్డ్ చేసినవాడు చూడలేదు, అతనికి పంపినవాడూ చూడలేదు. ఇది సంఘాల్లో, ముఖ్యంగా యవనస్థుల కూడికల్లో, ఇంత తేలిక మాటల్లో చెప్పాలి. రాయిన్‌పాడా తరువాత వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదుగురికే పంపేలా హద్దు పెట్టింది. 2018 జూలై 17న సుప్రీంకోర్టు మూకదాడుల మీద రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. రెండూ మంచివే. కానీ ఐదుగురికి పంపినా అబద్ధం అబద్ధమే.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే ఈ సంపాదకీయాన్ని అడ్డం పెట్టుకునేవాళ్ళు ఉంటారు. సంఘంలో డబ్బు లెక్క అడిగినవాడికి, కాపరి మీద ఫిర్యాదు చేసిన ఆడబిడ్డకు, కులం పేరుతో సమాధుల దొడ్డిలో చోటు దొరకని కుటుంబానికి తీర్పు తీర్చవద్దన్న వాక్యాన్ని అప్పజెబుతారు. అది వాక్యాన్ని బోర్లించడం. ప్రభువు మాట విచారణను ఆపడానికి కాదు. పై చూపును బట్టి కాక న్యాయంగా తీర్పు చేయమని యోహాను సువార్తలో చెప్పినవాడూ ఆయనే. అధికారం ఉన్నవాడి మీద ఫిర్యాదు వస్తే విచారించకుండా కొట్టివేయడం కూడా తొందరపాటు తీర్పే, అది ఫిర్యాదు చేసినవాళ్ళ మీద పడుతుంది. బలహీనుడిని విచారణ లేకుండా దోషి అనడం, బలవంతుడిని విచారణ లేకుండా నిర్దోషి అనడం చాలాసార్లు ఒకే నోటి నుంచి వస్తాయి.

తిరిగి షోలాపూర్‌కు. సెటిల్‌మెంట్ అన్న చిరునామా చెబితే ఎదుటివాడి ముఖం మారుతుందని అక్కడివాళ్ళు ఇప్పటికీ అంటారు. ఊళ్ళో ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసు బండి ముందు ఏ పేటకు వెళ్తుందో అందరికీ తెలుసు. 1952లో పాత చట్టం పోయాక వచ్చిన అలవాటు నేరస్థుల చట్టాలు కొన్ని రాష్ట్రాల్లో ఇంకా ఉన్నాయి. వాటిని రద్దు చేయాలని జాతీయ మానవ హక్కుల సంఘం 2000లోనే సిఫారసు చేసింది. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు, జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచడాన్ని కొట్టివేస్తూ, పలు రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో ఈ జాతులను పుట్టుకతో నేరస్థులుగా చూసే నిబంధనలను కూడా తప్పుపట్టింది. విముక్త జాతులవాళ్ళను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులకు చెప్పింది. అంటే 1871లో రాసిన వాక్యాలు 2024 దాకా మన జైళ్ళ నియమాల్లో ఏదో ఒక రూపంలో బతికే ఉన్నాయి.

కైకాడీల సంగతి చూడండి. మహారాష్ట్రలో విదర్భ జిల్లాల్లో కైకాడీ షెడ్యూల్డ్ కులం. అదే కైకాడీ షోలాపూర్‌లో షెడ్యూల్డ్ కులం కాదు, విముక్త జాతి. రాష్ట్ర సరిహద్దు దాటి తెలంగాణకు, ఆంధ్రకు వస్తే వాళ్ళకు చుట్టమైన ఎరుకల షెడ్యూల్డ్ తెగ. నాగపూర్ పిల్లకు వచ్చే స్కాలర్‌షిప్, రిజర్వేషన్ షోలాపూర్ పిల్లకు అదే లెక్కన రావు. నేరస్థులని ముద్ర వేసేటప్పుడు ప్రభుత్వానికి ఈ జాతులన్నీ ఒక్కటే అయ్యాయి. హక్కు ఇచ్చేటప్పుడు జిల్లా జిల్లాకూ వేరయ్యాయి.

కాబట్టి షోలాపూర్‌లోనూ, మన రాష్ట్రాల్లోనూ ఉన్న తెలుగు విశ్వాసులను మేము కోరేది చాలా చిన్నది. ఆగస్టు 31న, లేదా దానికి దగ్గరి ఆదివారం మధ్యాహ్నం, మీ ఊళ్ళోని సంచార జాతుల, విముక్త జాతుల పేటకు నలుగురు వెళ్ళండి. కరపత్రాలు తీసుకెళ్ళవద్దు, దుప్పట్లు పంచవద్దు. ఫీనెహాసుతో వెళ్ళిన పదిమందిలా అడగడానికి వెళ్ళండి. కుల ధ్రువపత్రం ఉందా, బడిలో చేర్చుకున్నారా, పిల్లవాడిని స్టేషనుకు పిలిచినప్పుడు వెంట ఎవరు వెళ్తారు అని అడగండి. చివరి ప్రశ్నకు చాలా ఇళ్ళలో ఎవరూ లేరనే జవాబు రావచ్చు. వకీలు తెలిసిన విశ్వాసి, తహసీల్దారు కార్యాలయంలో పనిచేసే విశ్వాసి, బడి పంతులైన విశ్వాసి ప్రతి సంఘంలోనూ ఒకరైనా ఉంటారు. వాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు ఒక కాగితం మీద రాసి అక్కడ ఇచ్చి రండి.